లైసెన్సు – ళకారం

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో కరెంటు పనివారికి, క్షురకులకు, ఏ.సి. యంత్రాలు బిగించేవారికి లైసెన్సులిచ్చే ప్రభుత్వ శాఖ ఒకటున్నది. ఆటిజం ఉన్న పసిపిల్లలకు శిక్షణ రూపొందించే ప్రవర్తన విశ్లేషకులకు, అనగా బిహేవియర్ అనలిస్టులకు, లైసెన్సు ఇచ్చేదీ ఆ శాఖయే. మొదట విన్నప్పుడు విస్మయం కలిగింది. నిదానంగా ఆలోచిస్తే అందులో ఎబ్బెట్టేమీ కనబడలేదు. తీగ తప్పుగా కలిపితే ఇల్లు కాలుతుంది, కత్తి తప్పుగా పడితే చెవి తెగుతుంది. పని చేయబోయేవారికి పని వచ్చునో రాదో ముందుగా ఎవరో ఒకరు చూడవలసిందే. అయితే కాలిన ఇల్లు అందరికీ కనబడుతుంది. నాలుగేళ్ల పసివాడి లోపల ఏమి చెడిందో ఎవరికీ కనబడదు, వాడు చెప్పలేడు కూడా. కనుక ఈ పనికి లైసెన్సు మరింత అవసరమని నా అభిప్రాయం.

నేను ముప్పై రెండేళ్లు తెలుగు పండితురాలిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నదాన్ని. నా ఆంగ్ల పరిజ్ఞానం అంతంతమాత్రం. అటువంటి నేను ఒక పరాయి రాష్ట్రపు చట్టాన్ని నిఘంటువు పక్కన పెట్టుకొని చదవవలసి రావడానికి కారణం నా మనుమడు. మా అమ్మాయి, అల్లుడు డాలస్ సమీపంలో ఉంటారు. పిల్లవాడికి రెండున్నరేళ్లు నిండేనాటికి ఆటిజం అని తేలింది. ఆ దేశంలో 1986 నాటి సమాఖ్య చట్ట సవరణ వల్ల మూడేళ్లలోపు పిల్లలకు ప్రతి రాష్ట్రంలోనూ తొలిదశ సహాయపు ఏర్పాటు ఉన్నది. మూడేళ్లు నిండగానే ఆ బాధ్యత బడి చేతికి పోతుంది. వీటికి తోడుగా చాలామంది తల్లిదండ్రులు ఇన్సూరెన్సు మీద అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్ అనే శిక్షణకు పంపుతారు. మావాళ్లూ పంపారు. వారానికి ఇరవై అయిదు గంటలు. నాలుగేళ్ల పిల్లవాడికి ఇరవై అయిదు గంటలంటే చిన్న ఉద్యోగమే.

ఈ పద్ధతికి పేరు తెచ్చినది 1987లో లోవాస్ అనే ఆచార్యుడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి ప్రకటించిన పరిశోధన. పందొమ్మిది మంది పిల్లలకు వారానికి నలభై గంటల చొప్పున రెండేళ్లకు పైగా శిక్షణ ఇస్తే తొమ్మిదిమంది తోటిపిల్లలతో సమానంగా బడిలో కుదురుకున్నారని ఆయన వ్రాశాడు. ఆ లెక్క తరువాత ఎన్నో విమర్శలకు గురయింది. ఆ శిక్షణలో గట్టిగా కసరడం, తొడమీద చరచడం కూడా భాగాలుగా ఉండేవి. ఆటిజం ఉండి పెద్దవారైన పలువురు ఈ పద్ధతినే తీవ్రంగా నిరసిస్తున్నారు. వారి మాట కొట్టిపారేయదగినది కాదు. బెత్తం లేనిదే అక్షరం రాదని మన పెద్దలు ఎంత గట్టిగా నమ్మారో నాకు తెలుసు. ఆ నమ్మకాన్ని చట్టం కాదనడానికి 2009 దాకా, విద్యాహక్కు చట్టం దాకా పట్టింది. నేటి కేంద్రాలలో చరచడం లేదు. బహుమతి ఉన్నది. అడిగినది చేస్తే బిస్కెట్టు, అడిగిన మాట పలికితే బొమ్మ.

ఇక లైసెన్సు సంగతి. టెక్సాస్ శాసనసభ 2017లో చట్టం చేసింది. 2018 సెప్టెంబరు 1 నుంచి లైసెన్సు లేనిదే ప్రవర్తన విశ్లేషకులమని చెప్పుకొని పనిచేయరాదు. దానికి ముందుగా ఒక జాతీయ ధ్రువీకరణ మండలి పరీక్షలో నెగ్గాలి. ఆ పరీక్షకు కూర్చోవాలంటే స్నాతకోత్తర పట్టా, నిర్దిష్టమైన పాఠ్యాంశాలు, సాధారణ పద్ధతిలో అయితే పర్యవేక్షణలో రెండువేల గంటల అనుభవం ఉండాలి. ఎవరికి లైసెన్సు ఉన్నదో, ఎవరిమీద చర్య తీసుకున్నారో ఆ శాఖవారి జాబితాలో ఎవరైనా చూసుకోవచ్చు. ఇది మెచ్చుకోదగినది. మా అమ్మాయి పిల్లవాణ్ణి చేర్చేముందు అలాగే చూసింది. కేంద్రపు పర్యవేక్షకురాలికి లైసెన్సు ఉన్నది, మచ్చ లేదు.

పిల్లవాడి పక్కన కూర్చునేది మాత్రం ఆవిడ కాదు.

అదే చట్టంలో ఎవరెవరికి లైసెన్సు అక్కరలేదో చెప్పే భాగమున్నది. మనస్తత్వవేత్తలు, బడి ఉద్యోగులు, శిక్షణలో ఉన్న విద్యార్థులు అందులో ఉన్నారు. లైసెన్సుదారు ఆదేశం ప్రకారం ఇంట్లో పిల్లవాడికి నేర్పే కుటుంబసభ్యులు కూడా ఉన్నారు. నాకు లైసెన్సు అక్కరలేదని టెక్సాస్ ప్రభుత్వం హామీ ఇచ్చిందన్నమాట! వారితోపాటు లైసెన్సుదారు చేతికింద పనిచేసే సహాయకులు, అనగా టెక్నీషియన్లు, కూడా ఆ మినహాయింపులోనే ఉన్నారు. వారానికి ఇరవై అయిదు గంటలు మా పిల్లవాడి ఎదుట కూర్చునేది ఆ టెక్నీషియను. ధ్రువీకరణ మండలి 2014లో ఈ టెక్నీషియన్లకు కూడా ఒక యోగ్యతాపత్రం ఏర్పరచింది. పద్దెనిమిదేళ్లు నిండి, ఉన్నత పాఠశాల చదువు పూర్తయి, నలభై గంటల శిక్షణ పొంది, పనిలో నేర్పు చూపించి, ఒక పరీక్ష నెగ్గితే చాలును.

నలభై గంటలు! నాకు భాషాప్రవీణ పూర్తయిన తరువాత, ఆరవ తరగతి పిల్లలకు శతకపద్యం చెప్పడానికి యోగ్యురాలినని నమ్మేందుకు ప్రభుత్వం ఒక ఏడాది పండిత శిక్షణ చేయించింది. అందులో సగం నిరుపయోగమే అనుకోండి, అది వేరే సంగతి.

మరి పర్యవేక్షణ? టెక్నీషియను నెలలో పనిచేసిన గంటలలో నూటికి అయిదు వంతులైనా పర్యవేక్షణలో జరగాలని మండలి నియమం. నెలలో రెండుసార్లయినా ముఖాముఖి కలవాలి, ఒకసారైనా పిల్లవాడితో పనిచేస్తుండగా చూడాలి. వినడానికి బాగానే ఉన్నది. నూరు గంటలకు అయిదు గంటలు. అయితే ఆ లెక్క టెక్నీషియనుకే గాని పిల్లవాడికి కాదు. ఆమె ముగ్గురు పిల్లలతో పనిచేస్తూ ఉంటే, ఆ అయిదు గంటలూ వేరొక పిల్లవాడి గదిలో గడిచినా నియమం నెరవేరినట్లే. ఈ కిటుకు నాకు ఎవరూ చెప్పలేదు. రెండుసార్లు చదివిన మీదట తట్టింది.

కేంద్రంలో గదికి ఒక అద్దపు కిటికీ ఉన్నది. కుటుంబసభ్యులు బయట కూర్చొని చూడవచ్చు. నేను వెళ్లిన మూడోనాడు, ఆ టెక్నీషియను, ఇరవై ఏళ్లుండవచ్చు, కళాశాలలో చదువుకుంటూ పనిచేస్తున్న పిల్ల, మావాడి ఎదుట బల్లమీద నీళ్ల గ్లాసు పెట్టింది. చేయి చాస్తే వెనక్కి జరిపింది. "వాటర్" అన్నది. మావాడు "నీయ్యు" అన్నాడు. ఆమె మళ్లీ "వాటర్" అన్నది. వాడు ఈసారి గట్టిగా "నీయ్యు" అన్నాడు. ఆమె చేతిలోని పలకవంటి యంత్రంమీద ఏదో గుర్తు పెట్టింది. నాలుగోసారికి వాడు ఏడ్చాడు, బల్ల తన్నాడు. దానికీ గుర్తు పెట్టింది. చివరకు "వా" అన్న తరువాత గ్లాసు చేతికందింది. ఆమె చప్పట్లు కొట్టి మెచ్చుకున్నది. ఆ మెచ్చుకోలులో కపటం లేదు. ఆమెకు నేర్పినది ఆమె చక్కగా చేసింది.

ఆ రాత్రి అమ్మాయి ఫోనులో ఆనాటి నివేదిక చూపించింది. మూడు "నీయ్యు"లూ అర్థరహిత ధ్వనులుగా నమోదయ్యాయి. ఏడుపు, తన్నడం తగ్గించవలసిన ప్రవర్తనల పట్టికలో చేరాయి. వాడికి వచ్చిన మాటల సంఖ్య మూడు అని ఉన్నది. నా నోటుపుస్తకంలో పద్నాలుగు ఉన్నాయి. అన్నం, నీళ్ళు, పాలు, తాత, వద్దు, దా, అక్కడ, కాకి... వాడు ళకారాన్ని యకారంగా పలుకుతాడు, రేఫనూ అంతే. మన పిల్లల్లో చాలామంది ఒక వయసులో అలాగే పలుకుతారు. ఏ తెలుగింటి ముసలమ్మకైనా "నీయ్యు" అంటే దాహమని తెలుస్తుంది, పండిత శిక్షణ అక్కరలేదు.

"వాళ్లకి లైసెన్సుందమ్మా, నేను చూశాను కదా" అన్నది అమ్మాయి. దాని గొంతులో విసుగు లేదు, భయమున్నది. ఈ కేంద్రంలో చోటు కోసం అయిదు నెలలు వేచి ఉన్నారు మరి.

"లైసెన్సు ఎవరికున్నదే తల్లీ? వాడి మాట విన్నవాళ్లకా, విననివాళ్లకా?" అన్నాను.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. మూడేళ్లలోపు పిల్లలకు సహాయమిచ్చే సమాఖ్య చట్టపు నిబంధనలలో, సాధ్యమైనంతవరకు పిల్లవాణ్ణి మాతృభాషలోనే పరీక్షించాలని స్పష్టంగా ఉన్నది. ఇన్సూరెన్సు డబ్బుతో నడిచే ఈ కేంద్రాల విశ్లేషకులకు లైసెన్సు ఇచ్చేటప్పుడు అడిగే అర్హతలలో పిల్లవాడి భాష ప్రసక్తే లేదు. ధ్రువీకరణ మండలి నీతినియమావళిలో పిల్లవాడి సంస్కృతిని గౌరవించాలని ఉన్నది, నిజమే. కాని ఆ గౌరవం నలభై గంటల చదువులో టెక్నీషియను దాకా ఎంత దిగివస్తుంది? ఈ లోపల, "ఇంట్లో ఒక్క భాషే మాట్లాడండి, ఇంగ్లీషే మంచిది" అని ఉచిత సలహా ఇచ్చేవారికి కొదవలేదు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనుకబడుతుందనడానికి పరిశోధనలలో ఆధారం కనబడలేదు. ఆ సలహా విని తాతయ్యతో, అమ్మమ్మతో మాట్లాడడానికి ఉన్న నాలుగు మాటలూ పోగొట్టుకున్న పిల్లలు ఎందరో!

లైసెన్సు లేకుంటే నష్టమేమిటి అనేవారికి మిన్నెసోటా సంగతి చెప్పవచ్చు. అక్కడ ఆటిజం పిల్లల తొలిదశ శిక్షణకు పేదల ఆరోగ్యపథకం నుంచి డబ్బు వెళ్లేది గాని ఆ కేంద్రాలు నడపడానికి రాష్ట్ర లైసెన్సంటూ లేదు. 2024 డిసెంబరులో ఎఫ్.బి.ఐ. వారు రెండు కేంద్రాలలో సోదాలు జరిపారు. 2025 సెప్టెంబరులో ఒక కేంద్రపు యజమానిపై అభియోగం మోపారు. శిక్షణలేని పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల బంధువులను టెక్నీషియన్లుగా చూపి, బిడ్డలను చేర్చినందుకు తల్లిదండ్రులకే నెలకు 300 నుంచి 1500 డాలర్ల దాకా ముట్టజెప్పి, సుమారు 1 కోటి 40 లక్షల డాలర్లు రాబట్టినట్లు అందులో ఉన్నది. ఆ రాష్ట్రంలో విశ్లేషకులకు 2025 జనవరి నుంచి లైసెన్సు తప్పనిసరి అయింది. కేంద్రాలకు 2026 నుంచి తాత్కాలిక లైసెన్సుల పద్ధతి వచ్చింది. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగాయన్నట్లుంది గాని, మొరగకపోవడం కంటే నయమే.

మన సంగతి? మా పినతల్లి కుమార్తె మనుమడికి కూడా ఇదే సమస్య. వారు కోస్తాలో ఒక పట్టణంలో ఉంటారు. మేడమీద రెండు గదులలో నడిచే కేంద్రానికి నెలకు పద్దెనిమిదివేలు కడుతున్నారు. "వారి రిజిస్ట్రేషన్ సంఖ్య అడుగు" అని ఫోనులో చెప్పాను. మన దేశంలో 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం ఉన్నది. ప్రత్యేక ఉపాధ్యాయులు, వాక్‌శ్రవణ నిపుణులు, క్లినికల్ సైకాలజిస్టులు తదితరుల పేర్లు కేంద్ర పునరావాస పట్టికలో నమోదై ఉండాలి. నమోదు లేకుండా ఆ పని చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూను. వెయ్యి రూపాయలు! ఒకపూట ఫీజుకు కాస్త ఎక్కువ. ఇక ప్రవర్తన విశ్లేషకుల పేరు కొత్తగా 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్యవృత్తుల జాతీయ కమిషన్ చట్టపు పట్టికలో చేరింది.

మా చెల్లెలు వెళ్లి అడిగింది. "మాది అంతర్జాతీయ సర్టిఫికెట్ అండీ, ఇండియా నంబరు అక్కర్లేదు" అన్నాడట యజమాని. చూపించమంటే చూపించాడు. అది నలభై గంటల ఆన్‌లైన్ పాఠాలు విన్నట్లుగా ఇచ్చిన కాగితం. నేర్పు చూపినట్లు లేదు, పరీక్ష నెగ్గినట్లు లేదు. పైగా ఆ అమెరికా మండలి 2023 నుంచి మన దేశంలో ఉన్నవారి కొత్త దరఖాస్తులు తీసుకోవడమే మానివేసింది. అమెరికాలో టెక్నీషియనుకు తొలిమెట్టు అయిన కాగితం మన పట్టణంలో యజమానికి పట్టాభిషేకమయింది. ఆటిజాన్ని కొలిచే భారతీయ మాపనాన్ని 2009లో తయారుచేసినది మన సికిందరాబాదులోని జాతీయ సంస్థయే. ఆటిజాన్ని వైకల్యాల జాబితాలో చేర్చిన 2016 చట్టమూ ఉన్నది. ఇంత ఉండి, మేడమెట్లు ఎక్కి అడగవలసినది మాత్రం మా చెల్లెలే అయింది. ఆ కేంద్రంలో పిల్లవాడి మాట అందరికీ అర్థమవుతుంది, అది ఒక్కటే మేలు. ఏదైనా అపచారం జరిగితే ఎవరిని పట్టుకోవాలో ఆమెకు నేటికీ తెలియదు.

టెక్సాసులో మా అమ్మాయికి అది తెలుసు. అందుకే, చోటు పోతుందేమోనన్న భయం ఉన్నా, పర్యవేక్షకురాలికి మర్యాదగా ఒక ఉత్తరం వ్రాసింది. ఇంగ్లీషు దానిది, విషయం నాది. మూడు విషయాలు అడిగాము. ఈ రెండు నెలలలో మీరు మా పిల్లవాడి గదిలో ఎన్ని గంటలు కూర్చున్నారు? ఇంటిభాషలో పలికిన మాటను మాటగా ఎందుకు లెక్కించరు? దాహం వేసి అడిగినవాడికి నీళ్లు ఆపవచ్చునని ఏ ప్రణాళికలో ఉన్నది?

అల్లుడుగారికి మూడో ప్రశ్న కాస్త ఘాటుగా తోచింది. "మొదటిది తీసేసినా సరే గాని, మూడోది ఉండాలి బాబూ" అన్నాను. ఉంచారు.

ఆవిడ నాలుగోనాడు పిలిచింది. నలభై ఏళ్ల మనిషి, కళ్లకింద నల్లచారలు. తన కింద పన్నెండుమంది పిల్లలున్నారని, రెండు నెలలలో మావాడి గదిలో మూడు గంటలే కూర్చున్నానని దాచకుండా చెప్పింది. నీళ్ల విషయం విన్నప్పుడు ఒక నిమిషం మాట్లాడలేదు. తరువాత ఆ రోజు వీడియో తెప్పించి మా ఎదుటే చూసింది. "నీయ్యు" దగ్గర ఆపి, నావైపు తిరిగి, ఇదేనా మాట అని అడిగింది. అవునన్నాను. మళ్లీ వేసి విన్నది. మూడోసారి విని, కాగితంమీద వ్రాసుకున్నది. వారంలో ప్రణాళిక మారింది. తెలుగులో అడిగినా అడిగినట్లే, అడిగిన వెంటనే నీళ్లు ఇవ్వాలి, ఆపైన "వాటర్" అనే మాట వినిపించాలి. ఆవిడ ఇది మంచితనంతో చేసిందో, లైసెన్సుమీదికి ఫిర్యాదు పోతుందనే జంకుతో చేసిందో నేను తేల్చలేను. రెండూ ఉండవచ్చు. జంకడానికి ఆవిడకు ఒక లైసెన్సు ఉన్నది గదా.

ఇంటిమాటల జాబితా వ్రాసి ఇమ్మన్నారు. ఇంగ్లీషు లిపిలో మాట, పక్కన అర్థం, వాడు పలికే తీరు. మూడు గడులు. నేను పద్నాలుగుతో మొదలుపెట్టి, వాడి వెంట ఇంట్లో వారంపాటు తిరిగి ఇరవై రెండు చేశాను. అమ్మాయి పడుకోబోతూ "ఇంకొకటి" అంటూ వచ్చి మూడు చేర్చింది. "చందమామ"ను వాడు "మామ" అంటాడని నేను గమనించలేదు, తల్లికి తెలుసు.

ఆ టెక్నీషియను పిల్ల నా దగ్గరకు వచ్చి పలకడం నేర్పమన్నది. తెలియక పసివాణ్ణి ఏడిపించానని కళ్లనీళ్లు పెట్టుకున్నది. పావుగంట కూర్చోబెట్టాను. అన్నం వచ్చింది, పాలు వచ్చింది, వద్దు కూడా వచ్చింది. ళకారం దగ్గర ఆగిపోయింది. నాలుక కొస వెనక్కి మడిచి అంగిటికి తగిలించాలని చూపించాను. పాపం, ఎంత మడిచినా లకారమే. "నీలు" అంటుంది. వీడు "నీయ్యు" అంటాడు. నీళ్లు మాత్రం అందుతున్నాయి.

నేను తిరుగుప్రయాణానికి పెట్టె సర్దుకుంటున్న వారంలో కేంద్రం నుంచి కబురు వచ్చింది. ఆ పిల్ల చదువు కోసం వేరే ఊరు వెళ్లిపోతున్నదట, నెలాఖరు దాకానే ఉంటుంది. ఎనిమిది నెలలలో మూడో మార్పు. జాబితా ప్రణాళికలో చేరింది కనుక కొత్తవారికి అందుతుందని పర్యవేక్షకురాలు వ్రాసింది. కొత్తగా వచ్చేది ఎవరో ఇంకా చెప్పలేదు. అమ్మాయి ఇరవై అయిదు మాటలనూ నా గొంతుతో ఫోనులో రికార్డు చేయించుకున్నది.